ఒంటెను కట్టిన తరువాతే భరోసా

తణుకులో పుట్టింట పురుడు పోసుకున్న అమ్మాయి 40 రోజులు నిండాక బిడ్డతో అత్తవారింటికి బయలుదేరుతుంది. కారు 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతుంది. పసిబిడ్డకు అమ్మమ్మ ఒడిని మించిన రక్షణ లేదని మనం భావిస్తాము. కాని గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కారు దేనినైనా ఢీకొంటే, 3 కిలోల శిశువును ఎంతటి బలమైన చేతులైనా పట్టి ఉంచలేవు.

ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. బిడ్డ మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. ఆ అమానతుకు కట్టు శిశువుల కారు సీటే.

నవజాత శిశువుకు తగిన సీటు కారు వెనుకవైపుకు ముఖం ఉండేలా అమరుతుంది. లేత మెడకు, తలకు, వీపుకు ఒకేసారి ఆధారమిస్తుంది. కొనేముందు దానిని మన కారులోనే బిగించి చూడాలి. ప్రమాదానికి గురైన పాత సీటు పనికిరాదు. ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీటులో దానిని ఎన్నడూ పెట్టరాదు.

14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టో, రక్షణ సీటో లేకుంటే 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం 1000 రూపాయల జరిమానా విధిస్తుంది. జరిమానాకు వెరచి కాదు, అమానతును తలచి పట్టీలు బిగించుదాం. ఆపై ప్రయాణ దుఆ పఠిద్దాం.