భాకరి సరే, చట్నీ వద్దు: కుక్కకు ఇంటి బిస్కెట్లు

సోలాపూర్ పేరు చెబితే దుప్పట్ల తర్వాత గుర్తొచ్చేవి కడక్ భాకరి అనే కరకరలాడే జొన్నరొట్టె, శేంగా చట్నీ అనే పల్లీల చట్నీ. జోడ్‌భావి పేట్‌లోని మన పద్మశాలీల ఇళ్లలోనూ ఈ జంటకు లోటుండదు. ఉప్పు వేయని కడక్ భాకరి ముక్క కుక్కకు మంచి చిరుతిండి. చట్నీ మాత్రం హాని, ఎందుకంటే అందులో పల్లీలతో పాటు ఎల్లిగడ్డ, ఉప్పు, కారం దంచి వేస్తాం. రెండూ ఇంట్లో చేసినవే, రెండిట్లోనూ రంగులు, రసాయనాలు లేవు. కాబట్టి ఇంటిదా, సహజమైనదా అని చూసి ఊరుకుంటే చాలదు. ఏం వేశాం, ఏం వేయలేదు, రోజుకు ఎంత పెడుతున్నాం అన్న మూడూ చూసుకోవాలి.

మాంసం తినే జంతువుకు జొన్న అరుగుతుందా అని చాలామందికి అనుమానం. అరుగుతుంది. 2013లో 'నేచర్' పత్రికలో వచ్చిన స్వీడన్ శాస్త్రవేత్తల పరిశోధన దీనికి కారణం చూపింది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ తయారీకి పనికొచ్చే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మనిషి పంచన చేరి మనిషి తిండి తినడానికి కుక్క ఒళ్లు అలా అలవాటు పడింది. అయితే జొన్న బాగా కాలాలి. పచ్చిపిండి సరిగా అరగదు.

బిస్కెట్లలో వేసేవి ముందు చూద్దాం. మంగళవేఢా వైపు పండే జొన్ననే తీసుకోండి, ఇంకేదైనా తీసుకోండి, 100 గ్రాముల్లో సుమారు 10 గ్రాముల ప్రోటీన్, అంతే పీచు ఉంటాయి. గ్లూటెన్ ఉండదు కనుక గోధుమ పడని కుక్కలకూ పెట్టొచ్చు. ఉడికించిన గుమ్మడికాయలో పీచు, బీటా కెరోటిన్ ఉంటాయి. ఆ కెరోటిన్‌ను కుక్క శరీరం విటమిన్ ఎగా మార్చుకుంటుంది. పీచు వల్ల విరేచనం సాఫీగా అవుతుంది. గుడ్డులో కుక్కకు కావలసిన అమైనో ఆమ్లాలన్నీ దొరుకుతాయి. దాన్నీ ఉడికించే వాడాలి, ఎందుకంటే పచ్చి తెల్లసొనలోని అవిడిన్ బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. విటమిన్ సి కోసం ఉసిరి, నిమ్మ వెతకక్కర్లేదు. కుక్క దాన్ని తన కాలేయంలోనే తయారుచేసుకుంటుంది. పసుపు చిటికెడు పడితే నష్టం లేదు గానీ, దాంతో కీళ్లనొప్పి పోతుందని మందు మానేయకూడదు.

ఇక వేయకూడనివి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. వేయించినా, ఉడికించినా, పొడి కొట్టినా ఆ గుణం పోదు. ద్రాక్ష, కిస్‌మిస్ తింటే కొన్ని కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతింటాయి. దానికి టార్టారిక్ ఆమ్లం కారణమై ఉండొచ్చని అమెరికాలోని పశువైద్యులు 2021లో చెప్పారు. చింతపండు తిన్న కుక్కలకూ ఇలాగే జరిగిన కేసులను 2022లో వెల్లడించారు. అంటే మిగిలిన పప్పుచారులో, పులుసులో భాకరి నాన్చి పెట్టడం మంచి అలవాటు కాదు. చాక్లెట్, జైలిటాల్ అనే తీపి కలిపిన పల్లీ వెన్న కూడా ప్రమాదమే.

బిస్కెట్లలో పల్లీలు వేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. బూజు పట్టిన పల్లీల్లో, జొన్నల్లో, మొక్కజొన్నల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కుక్క కాలేయాన్ని త్వరగా దెబ్బతీస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. 2020 చివర్లో అమెరికాలో ఒక కంపెనీ కుక్కల ఆహారంలో ఈ విషం చేరి వందకు పైగా కుక్కలు చనిపోయినట్టు ఫిర్యాదులు వచ్చాయి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. మనం తినని గింజ కుక్కకూ వద్దు.

మన పేటకు ప్రత్యేకమైన జాగ్రత్త ఇంకొకటి ఉంది. బీడీలు చుట్టే ఇళ్లలో పొగాకు చేట, పిండి గిన్నె పక్కపక్కనే ఉంటాయి. పొగాకులోని నికోటిన్ కుక్కకు విషం. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పిండి కలపండి. తునికాకు, పొగాకు ఉన్న చేట కుక్కకు అందనంత ఎత్తులో పెట్టండి.

చేసే పద్ధతి తేలికే. 150 గ్రాముల జొన్నపిండి, 100 గ్రాముల ఉడికించి మెదిపిన గుమ్మడి, ఒక గుడ్డు, ఉప్పు లేకుండా వేయించి పొట్టు తీసిన పల్లీల పొడి 10 గ్రాములు. ఉప్పు, బెల్లం, నూనె వద్దు. జొన్నకు జిగురు ఉండదు, పిండి విరిగిపోతుంది. ఇక్కడ గుడ్డే దాన్ని పట్టి ఉంచుతుంది. రూపాయి బిళ్లంత 50 బిళ్లలు చేసి సన్నని మంట మీద రెండు వైపులా కరకరలాడేదాకా కాల్చాలి. కడక్ భాకరి నెలల తరబడి నిలవ ఉండేది అందులో తడి లేకపోవడం వల్లే. బిస్కెట్ లోపల మెత్తగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి.

ఎంత పెట్టాలి? చిరుతిళ్లు రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదన్నది పశువైద్యులు చెప్పే లెక్క. 15 కిలోల నాటు కుక్కకు రోజుకు సుమారు 850 కేలరీలు కావాలి. పదో వంతు 85. పైన చెప్పిన బిస్కెట్ ఒక్కొక్కటి 13 కేలరీలు, కాబట్టి ఆరు చాలు. అయిదు కిలోల పామరేనియన్‌కు రెండు దాటితే ఎక్కువే.

ఇవి చిరుతిళ్లే గానీ భోజనం కావు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 200 ఇంటి వంట పద్ధతులను పరీక్షిస్తే, 95 శాతం వాటిలో ఏదో ఒక పోషకం తక్కువైంది. అలాగని ధాన్యం లేని ఖరీదైన ప్యాకెట్లే మేలనీ కాదు. పప్పుదినుసులు ఎక్కువున్న అలాంటి ఆహారానికీ, గుండె కండరం బలహీనపడే జబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో విచారణ మొదలుపెట్టింది.

మొదటిసారి ఒక్క బిస్కెట్ పెట్టి, రెండు రోజులు చూడండి. వాంతి, విరేచనాలు, దురద కనిపిస్తే ఆపేయండి. షుగర్, మూత్రపిండాల జబ్బు, క్లోమం వాపు ఉన్న కుక్కకైతే ముందు పశువుల డాక్టర్‌ను అడగండి. ఉల్లిగడ్డో, చింతపండో, పొగాకో తిన్నదని తెలిస్తే లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది చెప్పగలిగితే డాక్టర్ పని సగం తేలికవుతుంది.