గోడ మూసేలోపే లెక్క తేలాలి!

మేడ్చల్ దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద తూప్రాన్ వైపు వెళ్తుంటే వరసగా కాళ్లకల్, మనోహరాబాద్ వస్తాయి. దారి పొడవునా ఫ్యాక్టరీ షెడ్లు, గోదాములు, కంపెనీ బస్సులు. ఈ చుట్టుపక్కల డిప్లొమానో డిగ్రీనో చదువుతున్నవాళ్లను 'తర్వాత ఏం చేస్తావ్?' అని అడగండి. ఎక్కువగా వినిపించే జవాబులు రెండు: కంపెనీలో షిఫ్టు డ్యూటీ, లేదంటే హైదరాబాద్‌కు రోజూ అప్ అండ్ డౌన్.

మూడో దారి ఒకటుంది. ఆ షెడ్లలో అనౌన్స్‌మెంట్లు వినిపించే స్పీకర్లను ఎవరో బిగించాలి. హైవే వెంబడి లేస్తున్న ఇళ్లలో, ఫామ్‌హౌస్‌లలో 'స్పీకర్లు కనపడొద్దు, సౌండు మాత్రం అదిరిపోవాలి' అనే యజమానుల కోసం వాటిని గోడలో దాచాలి. దాచడమే కాదు, వాటికి తగిన యాంప్లిఫయర్‌ను జత చేయాలి. ఈ రెండూ తెలిసినవాళ్లను ఆడియో విజువల్ ఇన్‌స్టాలర్ అంటారు. డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకోవడం పది రోజుల్లో వచ్చేస్తుంది. మీకు పేరు తెచ్చేది మాత్రం గోడ మూసేముందు కాగితం మీద వేసే లెక్క. అది ఇంటర్ ఫిజిక్స్‌లో మీరు చదివిన ఓమ్ సూత్రమే!

మూడు గదులు, ఒకే యాంప్లిఫయర్

ఇలా అనుకోండి. మనోహరాబాద్‌లో ఒక కొత్త ఇల్లు. హాల్లో, డైనింగ్‌లో, వరండాలో ఒకే పాట వినిపించాలని యజమాని కోరిక. గదికి రెండు చొప్పున మొత్తం ఆరు స్పీకర్లు కొన్నారు. ఒక్కోటి 8 ఓమ్‌లు. యాంప్లిఫయర్ ఒక్కటే. ఛానెల్‌కు 8 ఓమ్‌ల దగ్గర 50 వాట్లు ఇస్తుంది, 4 ఓమ్‌లకు తగ్గకూడదని వెనకాల రాసి ఉంది. తొందరలో ఉన్న పనివాడు ఎడమవైపు మూడింటినీ, కుడివైపు మూడింటినీ సమాంతరంగా, అంటే ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపేశాడు. పాట వచ్చింది. గోడ మూశారు. రంగులూ వేశారు. గృహప్రవేశం రోజు వాల్యూమ్ పెంచగానే యాంప్లిఫయర్ వేడెక్కి ఆగిపోయింది.

ఎందుకు? 8 ఓమ్‌ల దగ్గర 50 వాట్లంటే ఆ ఛానెల్ నుంచి వచ్చేది 20 వోల్టులు. ఒక స్పీకర్ లాగే కరెంటు 20 భాగారం 8, అంటే 2.5 ఆంపియర్లు. రెండు సమాంతరంగా కలిపితే లోడు 4 ఓమ్‌లు, కరెంటు 5 ఆంపియర్లు. అక్కడి వరకు పర్లేదు. మూడోది కలిపితే లోడు 2.67 ఓమ్‌లకు పడిపోయి కరెంటు 7.5 ఆంపియర్లకు చేరుతుంది. కంపెనీ గీసిన గీత దాటినట్టే. ప్రొటెక్షన్ ఉంటే యాంప్లిఫయర్ ఆగిపోతుంది, లేకపోతే లోపలి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. ఇప్పుడు తప్పు సరిదిద్దాలంటే గోడ మళ్లీ పగలగొట్టాల్సి రావచ్చు. ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో మీకు చెప్పక్కర్లేదు.

మరి ఏం చేయాలి? మూడు దారులున్నాయి.

- మూడింటినీ వరసగా, అంటే సిరీస్‌లో కలిపితే లోడు 24 ఓమ్‌లు. యాంప్లిఫయర్ క్షేమం. కానీ ఆ 20 వోల్టుల దగ్గర మూడింటికీ కలిపి వెళ్లేది దాదాపు 17 వాట్లే. మంద్రంగా వినడానికి సరిపోతుందేమో, పండగ హుషారుకు చాలదు.
- ఇంపెడెన్స్ మ్యాచింగ్ ఉన్న స్పీకర్ సెలెక్టర్ లేదా వాల్యూమ్ కంట్రోల్ పెట్టడం. యాంప్లిఫయర్‌కు కనిపించే లోడును అది హద్దులో ఉంచుతుంది.
- గదికో ఛానెల్ జత ఉన్న మల్టీజోన్ యాంప్లిఫయర్ కొనమని ముందే చెప్పడం. ఖర్చు ఎక్కువ, తలనొప్పి తక్కువ.

ఒకవేళ ఛానెల్‌కు నాలుగు స్పీకర్లయితే ఇంకా తేలిక. రెండేసి సిరీస్‌లో కలిపితే 16 ఓమ్‌ల జతలు రెండు వస్తాయి. ఆ రెండు జతలనూ సమాంతరంగా కలపండి. లోడు మళ్లీ 8 ఓమ్‌లే! నాలుగూ ఒకే మోడల్ అయ్యుండాలి, అంతే. ఈ లెక్క నోటితో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో సగం గట్టెక్కినట్టే.

వాట్లు చూసి మోసపోకండి

డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేల వాట్ల పీఎంపీవో అని ఉంటే దాన్ని పక్కన పెట్టండి. ఆర్‌ఎంఎస్ ఎంతో చూడండి. నిలకడగా ఇవ్వగల శక్తి అదే. ఆ తర్వాత స్పీకర్ సెన్సిటివిటీ చూడాలి. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల శబ్దం వస్తుందన్నదే సెన్సిటివిటీ. 3 డెసిబెల్‌లు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. అంటే 87 డెసిబెల్‌ల స్పీకర్‌కు 100 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం, 90 డెసిబెల్‌ల స్పీకర్‌కు 50 వాట్లకే వస్తుంది. మంచి స్పీకర్ ఎంచుకుంటే యాంప్లిఫయర్ ఖర్చు తగ్గుతుందని యజమానికి చెప్పగలిగినవాడిని ఏ సంస్థా వదులుకోదు.

ఇంకో సంగతి. పెద్ద యాంప్లిఫయర్‌తోనే స్పీకర్లు కాలిపోతాయని చాలామంది అనుకుంటారు. చిన్నదాన్ని శక్తికి మించి పెంచినా ప్రమాదమే. అప్పుడు సిగ్నల్ అంచులు తెగిపోతాయి. దాన్నే క్లిప్పింగ్ అంటారు. సన్న శబ్దాలు పలికే ట్వీటర్ ముందుగా బలవుతుంది.

మన గోడ వేరు

గోడలో బిగించే స్పీకర్లలో చాలావరకు జిప్సం బోర్డు గోడల కోసం తయారైనవే. స్క్రూ తిప్పితే వెనక ఉన్న రెక్కలు తెరుచుకుని బోర్డును పట్టుకుంటాయి. మన దగ్గరవి ఇటుక గోడలు. నాలుగున్నర అంగుళాల గోడలో మూడు, నాలుగు అంగుళాల లోతు స్పీకర్ పెడితే వెనక మిగిలేది పలక మందమే. అటు పక్క గదిలోకీ సౌండు పోతుంది. హైదరాబాద్‌లో కొత్త టవర్లు చాలావరకు అల్యూమినియం షట్టరింగ్‌తో పోసిన కాంక్రీటు గోడలవి. వాటిని కొట్టనివ్వరు, కొట్టకూడదు కూడా. పిల్లర్, బీమ్ జోలికి వెళ్లనే వద్దు.

అందుకే మన దగ్గర అసలు గోడ ముందు ఫ్రేము కట్టి, జిప్సం బోర్డు గానీ ప్లైవుడ్ ప్యానెల్ గానీ వేసి అందులో బిగించడం మేలు. వెనక బ్యాక్ బాక్స్ పెట్టి రాక్‌వూల్ నింపితే గుయ్‌మనే శబ్దం తగ్గుతుంది. చెమ్మ గోడైతే ముందు దాన్ని సరిచేయించాలి. స్థానం విషయానికొస్తే, సోఫాలో కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో ట్వీటర్ ఉండాలి. ముందు స్పీకర్లు వినేవాళ్లకు ఎదురుగా గీసిన గీత నుంచి చెరోవైపు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే మంచిది.

ప్లాస్టరింగ్‌కు ముందే గోడకు గాడి కొట్టి పైపు వేయించాలి. అంటే మేస్త్రీతో, ఎలక్ట్రీషియన్‌తో మాటల్లో ఉండాలి. స్పీకర్ వైరును 230 వోల్టుల వైర్లున్న పైపులో కలిపి లాగకండి. రెండు పైపుల మధ్య కనీసం అడుగు దూరం ఉంచండి. దాటాల్సి వస్తే అడ్డంగా, నిలువుగా దాటించండి.

వైరు మందానికీ లెక్కుంది. యాంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కు 15 మీటర్లయితే పోను రాను 30 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు ఆ పొడవులో నిరోధం సుమారు 0.36 ఓమ్‌లు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు అది 5 శాతం లోపే కాబట్టి సరిపోతుంది. 4 ఓమ్‌లైతే 9 శాతం అవుతుంది. అప్పుడు ఇంకా మందమైన వైరు తీసుకోవాలి. రాగి పూత వేసిన అల్యూమినియం వైరు చవగ్గా దొరుకుతుంది. నిరోధం మాత్రం ఎక్కువ. గోడలోకి అది వద్దు.

మూసేముందు మూడు పరీక్షలు

1. యాంప్లిఫయర్ వైపు వైరును విప్పి, మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి కొలవండి. 8 ఓమ్‌ల స్పీకర్ దాదాపు 6 చూపిస్తుంది. 8 రాలేదని కంగారుపడొద్దు. మీటరు చూపేది డీసీ నిరోధం మాత్రమే. సున్నా దగ్గరుంటే షార్టు. ఏమీ చూపకపోతే ఎక్కడో తెగింది.
2. అదే చివర 1.5 వోల్టుల పెన్ సెల్‌ను క్షణం పాటు తాకించండి. సెల్ ప్లస్ మీరు ప్లస్ అనుకున్న వైరుకు తాకితే వూఫర్ కోన్ ముందుకు రావాలి. లోపలికి పోయిందంటే వైర్లు తారుమారైనట్టే. ఒక స్పీకర్ అలా తిరగబడితే పాట వస్తుంది కానీ బేస్ మాయమవుతుంది.
3. రెండు చివర్లకూ పేర్లు అంటించి, గోడ మీద టేపు పెట్టి ఫొటో తీయండి. ఏడాది తర్వాత ఎవరైనా ఆ గోడకు మేకు కొట్టే ముందు ఆ ఫొటో కోసం మీకే ఫోన్ చేస్తారు.

ఫ్యాక్టరీలో లెక్క వేరు

కాళ్లకల్, ముప్పిరెడ్డిపల్లి వైపున్న పెద్ద షెడ్ల లాంటిచోట వైరు వందల మీటర్లు వెళ్తుంది. స్పీకర్లు పదుల సంఖ్యలో ఉంటాయి. అక్కడ 8 ఓమ్‌ల పద్ధతి నడవదు. 100 వోల్ట్ లైన్ వాడతారు. కరెంటు దూరాలకు పంపేటప్పుడు వోల్టేజీ పెంచినట్టే ఇదీ. 120 వాట్లు 8 ఓమ్‌ల మీద పంపాలంటే దాదాపు 3.9 ఆంపియర్లు కావాలి. 100 వోల్టుల మీదైతే 1.2 ఆంపియర్లు చాలు. వైరులో నష్టం తగ్గుతుంది.

ప్రతి స్పీకర్ వెనకా చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దానికి 5, 10, 20 వాట్ల లాంటి ట్యాపులు ఉంటాయి. ఇక్కడ ఓమ్‌లు కూడక్కర్లేదు, వాట్లు కూడితే చాలు. 120 వాట్ల యాంప్లిఫయర్‌కు 10 వాట్ల స్పీకర్లు 12 పెట్టొచ్చని లెక్క చెబుతుంది. కానీ 20 శాతం వదిలిపెట్టి 9 దగ్గర ఆపడం పద్ధతి. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇంటి స్పీకర్‌ను ఈ లైనుకు తగిలిస్తే క్షణాల్లో కాలిపోతుంది. ఈ లైను షాక్ కూడా కొడుతుంది, యాంప్లిఫయర్ ఆపాకే చేయి పెట్టండి.

ఆరుబయట స్పీకర్లు అడిగేవాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. సామాను కొన్నాక కాదు, ఎస్టిమేట్ రాసేటప్పుడే చెప్పేది ఇది.

ఎవరు రావచ్చు? ఎలా?

ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడులు రెండూ రెండేళ్లవి. రెండూ దీనికి సరిపోతాయి. డిప్లొమా, బీటెక్‌లో ఈసీఈ, ఈఈఈ చదివినవాళ్లు డిజైన్, సైట్ సూపర్‌వైజర్ వైపు వెళ్లొచ్చు. బీకామ్, బీఏ వాళ్లకు ఎస్టిమేషన్, అమ్మకాల్లో చోటుంది. అయితే పై లెక్కలు వాళ్లకూ రావాలి. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. మీ దగ్గర్లోని ఐటీఐలో ఏ కోర్సులున్నాయో వెళ్లి కనుక్కోండి. డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులు తమ కాలేజీకి టాస్క్‌తో ఒప్పందం ఉందో లేదో ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను అడగాలి. కొంత అనుభవం వచ్చాక అవిక్సా సంస్థ ఇచ్చే సీటీఎస్ సర్టిఫికెట్‌కు ప్రయత్నించవచ్చు. మూడేళ్లకోసారి రెన్యూవల్ ఉంటుంది. గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవాల్సిన పేరిది.

జాబ్ పోర్టళ్లలో 'స్పీకర్ ఫిట్టర్' అని వెతికితే పెద్దగా దొరకవు. ఏవీ టెక్నీషియన్, హోమ్ థియేటర్ ఇన్‌స్టాలర్, ఈఎల్‌వీ టెక్నీషియన్ అని వెతకండి. ఈఎల్‌వీ అంటే తక్కువ వోల్టేజీ పనులు. సీసీ కెమెరాలు, ఫైర్ అలారం, పబ్లిక్ అడ్రస్ అన్నీ అందులోనే వస్తాయి.

కష్టం కూడా చెప్పుకోవాలి. మొదట్లో హెల్పర్‌గా నిచ్చెన మోయాలి, దుమ్ములో నిలబడాలి, గోడ డ్రిల్ చేసేటప్పుడు కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. ఆఫర్ ఇస్తే జీతంతో పాటు పీఎఫ్, ఈఎస్‌ఐ, పెట్రోలు ఖర్చు గురించి నోరు తెరిచి అడగండి. 'నేర్పిస్తున్నాం కదా' అని నెలల తరబడి ఉత్తినే తిప్పుకునే చోట ఆగిపోవద్దు.

ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి ఒకసారి వెళ్లండి. చిన్న యాంప్లిఫయర్ బోర్డు, మల్టీమీటర్ అక్కడ దొరుకుతాయి. ఇంట్లో మూలనపడ్డ పాత స్పీకర్లు రెండు తీయండి. ఒకే మోడల్ అయితే మరీ మంచిది. విడిగా కొలవండి. సిరీస్‌లో కలిపి కొలవండి. బోర్డు కనీస ఓమ్‌ల పరిమితి చూసుకుని సమాంతరంగా కలిపి వినండి. ప్రతిసారీ ముందు లెక్క రాయండి, తర్వాత మీటరు చూడండి. రెండూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ తేడా వచ్చిందో ఒక పేజీలో రాసి ఫొటోలు అతికించండి.

ఇంటర్వ్యూకి ఆ పేజీ పట్టుకెళ్లండి. 'ఛానెల్‌కు మూడు 8 ఓమ్‌ల స్పీకర్లు, యాంప్లిఫయర్ కనీసం 4 ఓమ్‌లు. ఏం చేస్తావ్?' అని అడిగితే పెన్ను తీసి లెక్క వేసి చూపించండి. అవతలివాళ్లు సర్టిఫికెట్ గురించి అడిగేలోపే మీరు హెల్పరా, టెక్నీషియనా అన్నది తేలిపోతుంది.