గన్నవరం, రాజమండ్రి విమానాశ్రయాల నుండి హైదరాబాదుకు దూరం

పశ్చిమ గోదావరి జిల్లాలోని '''ఉండి''' పరిసరాల వారికి విమాన ప్రయాణానికి రెండు విమానాశ్రయాలు అందుబాటులో ఉన్నాయి. ఒకటి పడమట ఉన్న గన్నవరం (విజయవాడ విమానాశ్రయం), రెండవది ఉత్తరాన గోదావరి ఆవల ఉన్న మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం). వీటి నుండి హైదరాబాదుకు అనగా శంషాబాదు విమానాశ్రయానికి ఉన్న దూరం, పట్టే సమయం ఈ వ్యాసంలో వివరించబడినవి.

== దూరం ==
విమాన దూరమనగా భూమి ఉపరితలం మీద రెండు స్థలాల మధ్య గల అతి తక్కువ దూరం. దీనిని మహావృత్త దూరం అంటారు.

* గన్నవరం - శంషాబాదు: సుమారు 264 కి.మీ. (143 నాటికల్ మైళ్ళు)
* మధురపూడి - శంషాబాదు: సుమారు 361 కి.మీ. (195 నాటికల్ మైళ్ళు)
* గన్నవరం - మధురపూడి: సుమారు 126 కి.మీ. (68 నాటికల్ మైళ్ళు)

ఇంత తక్కువ దూరాలను విద్యార్థులు స్వయంగా లెక్కించవచ్చును. ఈ ప్రాంతంలో ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 110.7 కి.మీ., ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106.5 కి.మీ. ఉంటుంది. గన్నవరం 16.53 ఉ, 80.80 తూ, శంషాబాదు 17.24 ఉ, 78.43 తూ. అక్షాంశాల తేడా 0.71 డిగ్రీలు, అనగా 79 కి.మీ.; రేఖాంశాల తేడా 2.37 డిగ్రీలు, అనగా 252 కి.మీ. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం ఈ రెండు భుజాలకు కర్ణం 264 కి.మీ. అవుతుంది.

== ప్రయాణ సమయం ==
ఏటీఆర్-72 విమానం గంటకు సుమారు 500 కి.మీ. వేగంతో ప్రయాణిస్తుంది. ఈ వేగంతో గన్నవరం నుండి 32 నిమిషాలు, మధురపూడి నుండి 43 నిమిషాలు పట్టాలి. కాని రన్‌వే వరకు నడవడం, పైకి లేవడం, దిగేముందు వేగం తగ్గించడం వంటివి దూరంతో నిమిత్తం లేకుండా ప్రతి ప్రయాణంలోనూ ఉంటాయి. అందువలన కాలపట్టికలో సాధారణంగా గంట, గంటంబావు చూపుతారు. 97 కి.మీ. అదనపు దూరానికి గాలిలో పట్టేది సుమారు 12 నిమిషాలు మాత్రమే. అదే దూరానికి గంటకు 50 కి.మీ. వేగంతో వెళ్ళే కారుకు దాదాపు రెండు గంటలు పడుతుంది.

== ఉండి ప్రాంతం నుండి ==
కనుక విమానాశ్రయాన్ని ఎంచుకొనేటప్పుడు విమాన దూరం కంటే రోడ్డు ప్రయాణమే ముఖ్యం. సరళ రేఖలో ఏలూరుకు గన్నవరం సుమారు 38 కి.మీ., మధురపూడి 88 కి.మీ. తాడేపల్లిగూడేనికి మధురపూడి సుమారు 45 కి.మీ., గన్నవరం 80 కి.మీ.కు పైగా ఉంటాయి. ఉండి నుండి మాత్రం గన్నవరం 72 కి.మీ., మధురపూడి 68 కి.మీ.; అనగా దాదాపు సమానం.

రోడ్లు సరళ రేఖలో సాగవు. ఉండి నుండి గన్నవరం వైపు దారి కొల్లేరు సరస్సుకు దక్షిణంగా ఆకివీడు, కైకలూరు, గుడివాడల మీదుగా పోతుంది. మధురపూడికి తాడేపల్లిగూడెం మీదుగా కొవ్వూరు చేరి, అక్కడ గోదావరి దాటవలెను. అందుచే ఈ ప్రాంతం వారు టికెట్ ధరతో పాటు రోడ్డు మీద పట్టే సమయాన్ని, విమానం బయలుదేరే వేళను కలిపి చూసుకోవడం మంచిది.

తాడేపల్లిగూడెంలో రెండవ ప్రపంచ యుద్ధ కాలం నాటి రన్‌వే ఉన్నది, కాని అక్కడి నుండి ప్రయాణీకుల విమానాలు నడవవు.

== ఇవి కూడా చూడండి ==
* ఉండి
* కొల్లేరు సరస్సు
* విజయవాడ విమానాశ్రయం
* రాజమండ్రి విమానాశ్రయం