చేరడం కాదు, పూర్తి చేయడం ముఖ్యం

2017లో మొదలైన 'స్వయం' వేదికపై పాఠాలు ఉచితం. ధ్రువపత్రం కావాలంటే పరీక్ష రుసుము కట్టాలి. బందరు, గుడివాడ పిల్లలకు ఇది మంచి అవకాశమే. అయితే చేరినంత మాత్రాన చదువు అబ్బదు. హార్వర్డ్, ఎం.ఐ.టి. ఆన్‌లైన్ కోర్సుల్లో 2017-18లో చేరినవారిలో పూర్తి చేసింది సుమారు 3 శాతమే. ధ్రువపత్రానికి డబ్బు కట్టినవారిలో 46 శాతం. దీన్నిబట్టి డబ్బే చదివించిందనుకోరాదు. గట్టి లక్ష్యం ఉన్నవారే ముందుగా కట్టి ఉండవచ్చు.

తల్లిదండ్రులారా! ఫోను కొనివ్వడంతో మన బాధ్యత తీరదు. ఈ కోర్సు ఎందుకో పిల్లలనే చెప్పనివ్వండి. దివిసీమ పల్లె నుంచి రోజూ బందరు కాలేజీకి వెళ్లలేని ఆడపిల్లకు ఇదే తరగతి గది. ఆ గంటసేపు ఇంటిపని చెప్పకండి. "ఈ వారం ఏం నేర్చుకున్నావు బేటీ?" అని జుమా నాడు అడగండి. అడిగేవారుంటే చదువు ఆగదు.