సర్టిఫికెట్ ఉంది సరే, బీమా ఉందా?

అమెరికాలో చిన్న ఐటీ కన్సల్టింగ్ కంపెనీ పెట్టుకున్న తెలుగువాళ్లకు ఈ మాట కొత్త కాదు. కాంట్రాక్టు మీద సంతకాలు కాకముందే క్లయింటు ‘సీఓఐ పంపండి’ అంటాడు. సీఓఐ అంటే మనకు ఏయే బీమాలు ఉన్నాయో చూపించే సర్టిఫికెట్. ఏజెంటుకు మెయిల్ పెడితే చాలాసార్లు ఆ రోజే వచ్చేస్తుంది. ఇంత సులువుగా వస్తుంది కనుకనే ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ దాన్ని చదవరు.

సాధారణంగా వచ్చేది అకార్డ్ 25 అనే ఫారం. దాని పైభాగంలోనే పెద్ద అక్షరాల్లో ఉంటుంది: ఇది సమాచారం కోసమే, దీన్ని అందుకున్నవారికి దీనివల్ల ఏ హక్కూ రాదు, పాలసీలో ఉన్నదాన్ని ఇది మార్చదు. అందులో కనిపించే పరిమితులు కూడా చెల్లించిన క్లెయిముల వల్ల ఈపాటికే తగ్గి ఉండవచ్చని అదే ఫారం చెబుతుంది. ఏడాదికి 20 లక్షల డాలర్లని రాసి ఉన్నా, అందులో ఎంత మిగిలిందో అందుకున్నవారికి తెలియదు.

అసలు చిక్కు ‘సర్టిఫికెట్ హోల్డర్’ అన్న గడి దగ్గర వస్తుంది. మనమే ఇంకొకరి నుంచి సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు అక్కడ మన పేరు కనబడగానే మనకు రక్షణ ఉందనుకుంటాం. ఆ గడి కాగితం ఎవరికి పంపారో చెబుతుంది, అంతే. డాలస్‌లో ఒక కిరాణా దుకాణం యజమాని కాంట్రాక్టరుతో కప్పు బాగుచేయించాడనుకుందాం. నిచ్చెన జారి ఒక కొనుగోలుదారు గాయపడితే, ఆయన కాంట్రాక్టరు మీదా దుకాణం మీదా దావా వేస్తాడు. యజమాని కేవలం సర్టిఫికెట్ హోల్డరైతే కాంట్రాక్టరు బీమా కంపెనీ ఆయన వైపు చూడదు. ‘అడిషనల్ ఇన్సూర్డ్’గా పాలసీలో చేరి ఉంటేనే ఆ కేసులో ఆయన తరఫున కూడా వాదించాల్సిన బాధ్యత దాని మీద పడుతుంది. అలా చేర్చేది పాలసీకి జతచేసే ఎండార్స్‌మెంట్. సీజీ 20 10 అనేది పని నడుస్తున్నప్పటి ప్రమాదాలకు, సీజీ 20 37 పని పూర్తయ్యాక బయటపడేవాటికి. చాలామంది మొదటిది తీసుకుని రెండోదాన్ని మరచిపోతారు. కప్పు కారేది మాత్రం పనివాళ్లు వెళ్లిపోయాకే.

పాలసీ మధ్యలో రద్దయితే మీకు కబురు వస్తుందనీ అనుకోకండి. పాత ఫారంలో ముందుగా తెలియజేయడానికి ‘ప్రయత్నిస్తాం’ అన్న వాక్యం ఉండేది. 2009లో దాన్నీ తీసేశారు. ఇప్పుడు పాలసీ నిబంధనల్లో ఎలా ఉంటే అలాగే.

కొందరు క్లయింట్లు తమకు కావాల్సిన షరతులు సర్టిఫికెట్ మీదే రాసివ్వమని ఒత్తిడి చేస్తారు. పాలసీలో లేనిది ఉన్నట్టు రాయడం టెక్సాస్ సహా అనేక రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం. కాదన్న ఏజెంటు మీద కోప్పడి లాభం లేదు.

కనుక సర్టిఫికెట్‌తో ఊరుకోకుండా ఎండార్స్‌మెంట్ కాపీ కూడా అడగండి, ఇవ్వాలన్న షరతును కాంట్రాక్టులోనే రాయించండి. కాపీ చేతికి వచ్చేదాకా పని మొదలుపెట్టనివ్వకండి.