వార్తల్లో పదం: యాడ్‌ ఆన్‌ కవర్‌

శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ, ధర్మవరం వైపు వేరుశనగ రైతుకు కరువుతో పాటు అడవి పందులతోనూ పోరే. ఊడలు దిగి కాయ ఊరే వేళ మంద చేలో పడిందంటే మూతితో సాళ్లకు సాళ్లే తవ్వేస్తుంది. తినేదానికంటే పెళ్లగించి పారేసేదే ఎక్కువ. చేను చుట్టూ పాత చీరలు కట్టినా, రాత్రంతా డబ్బాలు మోగించినా పూర్తిగా ఆగదు.

ఈ నష్టాన్ని ప్రధానమంత్రి ఫసల్‌ బీమా యోజనలో యాడ్‌ ఆన్‌ కవర్‌గా, అంటే అసలు బీమాకు అదనంగా చేర్చే రక్షణగా గుర్తిస్తున్నట్టు 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. అమలు 2026 ఖరీఫ్‌ నుంచి. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది తేల్చి నోటిఫై చేయాల్సింది రాష్ట్రమే. నష్టం జరిగిన 72 గంటల్లోగా రైతు పంట బీమా యాప్‌లో ఫొటోలతో సహా తెలపాలి.

వేటాడి వదిలించుకుందామా అంటే, పంటపై పడే కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, వేటాడితే కనీసం 3 ఏళ్ల జైలు. కంచెకు దొంగ కరెంటు పెడితే మనుషులూ పోతారు. కాబట్టి న్యాయమైన దారి పరిహారమే. అమెరికాలోని కొలరాడోలో ఎల్క్‌ దుప్పులు పశువుల మేతను పాడుచేస్తే రాష్ట్ర వన్యప్రాణి శాఖే పరిహారం చెల్లిస్తుంది.

అడవిని కాపాడే భారం ఒక్క రైతు మీదే వేయడం అన్యాయం. నోటిఫై చేసే జాబితాలో శ్రీ సత్యసాయి జిల్లా ఉండి తీరాలి. రైతులు ఇప్పుడే అధికారులను అడగాలి.