మీటరు చెప్పే మాట

మా ఇంటి ముందు వేపచెట్టు నీడలో పదిహేడేండ్లు నిలిచిన ఇండికా డీజిల్ కారును 2023లో అమ్మివేసినాము. 2006లో కొత్తగా కొన్న బండి అది. పిల్లల చదువులకు అనంతపురం, బంధువుల పెండ్లిండ్లకు ఆదోని, సరుకులకు బళ్ళారి, మా అమ్మ చివరి రోజులలో రాత్రనక పగలనక బత్తలపల్లి ఆస్పత్రి. ఇన్ని దారులు తిరిగినా ఒక్కసారి కూడ మమ్ములను నడిదారిలో దింపలేదు. అమ్మే నాటికి మీటరులో 2,68,000 కిలోమీటర్లు ఉన్నవి.

గుంతకల్లులోనే పాత బండ్ల బేరాలు చేసే ఒకాయన వచ్చి చూచినాడు. ఇంజను విన్నాడు, తలుపులు తట్టినాడు, సంతోషించినాడు. మీటరు చూడగానే ముఖం ముడుచుకొన్నాడు.

"బండి బాగుంది సార్. ఈ అంకె చూస్తే మాత్రం ఒక్కడూ దగ్గరికి రాడు. తొంభై వేలకు తిప్పిద్దాం. ఇరవై వేలు ఎక్కువ పలుకుతుంది. అందరూ చేసేదే సార్!"

ఉన్నమాట చెప్పవలెను. ఆ ఇరవై వేలు రాత్రంతా నా మనస్సులో తిరిగినవి. ఉదయం కాఫీ ఇస్తూ నా భార్య అడిగిన ఒక్క ప్రశ్న నన్ను నిలిపివేసినది: "బెల్టు సంగతి ఏం చేస్తారండీ?"

బండి ఖర్చుల పుస్తకం మొదటి నుండి ఆమె చేతిలోనే ఉన్నది. ఆయిలు ఎప్పుడు మార్చినాము, టైర్లు ఎప్పుడు వేయించినాము, అన్నీ తేదీతోను కిలోమీటర్లతోను వ్రాసి పెట్టినది. ఆ ఇంజనులో టైమింగ్ బెల్టు అని ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవలెనో, ఎప్పుడు మూసుకోవలెనో దాని లెక్క ప్రకారమే జరుగును. అది తెగినచో పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజను పాడగును. అరవై వేలకొకసారి మార్చవలెనని మా మెకానిక్కు మొదటే చెప్పియుండెను. చివరిసారి 2,18,000 దగ్గర మార్చినాము. అనగా ఇంకను పది వేలే మిగిలినవి. తొంభై వేలు చూపే మీటరును నమ్మినవాడు 1,20,000 వచ్చేదాకా ఆ బెల్టును తలచడు. మనము కాజేసేది ఇరవై వేలు మాత్రమే కాదు. ఏదో ఒక రాత్రి ఎవరో ఒక కుటుంబమును దారిలో నిలబెట్టుచున్నాము.

ఆ మధ్యాహ్నమే బేరగానికి వద్దని చెప్పినాను.

ఎక్కువ తిరిగిన బండి చెడ్డదా?

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా అదిమినందున పుట్టే వేడికే డీజిల్ మండును. పాత డీజిల్ కార్లలో ఈ అదుము పెట్రోలు బండి కంటె ఇంచుమించు రెండింతలు. దానిని తట్టుకొనుటకే ఇంజనును బరువుగా, దిట్టముగా చేయుదురు. వేళకు ఆయిలు, ఫిల్టర్లు మార్చినచో అది చాలకాలము మన్నును. ఊరిలో ఆగుతూ కదులుతూ, చల్లని ఇంజనుతో మాటిమాటికి స్టార్టయ్యే బండి కంటె, ఊళ్ళ మధ్య ఏకబిగిని నడిచిన బండికి అరుగుదల తక్కువ.

గుత్తి డీజిల్ షెడ్డు దగ్గరలో ఉన్న మనవారికి ఇది కొత్త కాదు. రైలింజను చాల దూరం తిరిగినదని ఎవరూ పారవేయరు. ఎప్పుడు విప్పి చూచినారు, ఏమి మార్చినారు అనే రికార్డును చూతురు. కారుకూ అదే న్యాయము.

మన ప్రాంతపు పొడి గాలి బండికి ఒక మేలు చేయును. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో వలె రేకు త్వరగా తుప్పు పట్టదు. అయితే దుమ్ము, ఎండ మనకు శత్రువులు. ఎయిర్ ఫిల్టరును అశ్రద్ధ చేస్తే దుమ్ము లోపలికి పోయి పిస్టన్ రింగులను అరగదీయును. ఎండకు రబ్బరు గొట్టాలు బిరుసెక్కి పగులును.

కొనేవారికి ఏమి చూపవలెను?

ఇంజనును ముందే వేడి చేసి ఉంచకుడి. ఉదయం చల్లగా ఉన్నప్పుడే వారి చేత స్టార్టు చేయించుడి. నల్లని పొగ విడువకుండా వస్తే గాలి చాలకపోవుటయో, ఇంజెక్టర్ల లోపమో కావచ్చును. నీలిపొగ ఆయిలు కాలుచున్నదనుటకు గుర్తు. ఇంజను నడుచుచుండగా ఆయిలు మూత తీసినప్పుడు పొగ గుప్పున తన్నుకొని వస్తే రింగులు అరిగినవేమో చూపించవలెను. మన బండిలో ఏ లోపమున్నదో అడగక ముందే చెప్పుట మంచిది. మేము రెండు చెప్పినాము: బెల్టు సమీపించినది, ఏసీ చల్లగా రాదు.

మరొక మాట. 2018తో ఇండికా తయారీ ఆగిపోయినది. 2020 ఏప్రిల్‌లో పొగ నిబంధనలు కఠినమైనప్పుడు మారుతి వారు డీజిల్ కార్లు మానుకొన్నారు. చిన్న డీజిల్ కారు కొత్తగా దొరకుట అరుదైనది గనుక, బాగున్న పాతదానిని అడిగేవారు ఉన్నారు. తొందరపడి చవకగా ఇచ్చివేయనక్కరలేదు.

పేరు మారే వరకు బండి మీదే

డబ్బు చేతికి రాగానే పని ముగిసినదనుకొనుట మనవారిలో చాలమంది చేసే పొరపాటు. 1988 నాటి మోటారు వాహనాల చట్టము ప్రకారము అమ్మినవారు పదునాలుగు రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయవలెను. కొన్నవారికి ముప్పది రోజులు గడువు. ఫారం 29, ఫారం 30 ఇందుకే ఉన్నవి. బళ్ళారి వంటి పొరుగు రాష్ట్రపు ఊరికి అమ్మితే అమ్మినవారి గడువు నలుబది అయిదు రోజులు. నిరభ్యంతర పత్రము కూడ కావలెను. బ్యాంకు అప్పు తీర్చియుంటే ఆర్.సి. మీద ఆ పేరు కొట్టివేయించుడి. ఇన్సూరెన్సు పేరు మార్పించుడి, ఫాస్టాగ్ మూసివేయుడి. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేండ్లే చెల్లును. పిమ్మట అయిదేండ్లకొకసారి పొడిగించవలెను. మేము 2021లో ఆ పని చేయించినందున అమ్మకము సులభమైనది.

చేతులు మారిన బండి ప్రమాదము చేసినప్పుడు, రికార్డులో ఎవరి పేరున్నదో వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మనము ముఖమైనా ఎరుగని వాడు చేసిన ప్రమాదానికి నష్టపరిహారము మన ఇంటి మీదికి రాగలదు.

చివరకు ఉరవకొండ దగ్గరి పల్లె నుండి ఒక యువకుడు తన తండ్రితో వచ్చినాడు. ఆ పెద్దాయనకు వారానికి రెండుసార్లు అనంతపురంలో డయాలసిస్. కొడుకు బండి చుట్టూ తిరిగి, "సీటు చినిగింది, రంగు పోయింది" అని ఒక్కొక్కటే ఎంచినాడు. కొనేవాడు బాగలేదు బాగలేదని, కొని పోయిన తరువాత మురిసిపోవునని సామెతల గ్రంథము ఏనాడో చెప్పినది గనుక మేము నవ్వుకొన్నాము. మీటరు చూచి మాత్రం ఆగినాడు.

"రెండు లచ్చల అరవై ఎనిమిది వేలా సార్? నిజమేనా?"

నా భార్య పుస్తకము తెచ్చి అతని చేతిలో పెట్టినది. తండ్రీ కొడుకులు అరుగు మీద కూర్చుండి ఒక్కొక్క పేజీ తిప్పినారు. పెద్దాయన తల ఎత్తి, "ఇంత వరకూ చూసిన బండ్లన్నీ ఎనబై వేలే తిరిగినాయన్నారు సార్. తిరిగినదని చెప్పింది మీరొక్కరే. దీన్నే తీసుకుంటాం" అన్నాడు.

బెల్టు ఖర్చు ధరలో తగ్గించినాము. ఆనాడే మా మెకానిక్కు దగ్గర కొత్తది వేయించినాము. ఆ వారములోనే ఇద్దరమూ రవాణా కార్యాలయానికి పోయి కాగితాలు ఇచ్చి వచ్చినాము. బేరగాడు చెప్పిన ఇరవై వేలు మాకు రాలేదు. ఆ తండ్రి అనంతపురం ప్రయాణమై పోయే తెల్లవారుజాములను తలచుకొన్నప్పుడు, రానందుకు విచారమూ లేదు.

పుస్తకములో ఇంకను ఖాళీ పేజీలు ఉన్నవి. దానిని వారికే ఇచ్చివేసినాము. వెళ్ళే ముందు ఆ యువకుడు కలము అడిగి తీసుకొని, తేదీ వేసి, తన చేతి వ్రాతతో మొదటి పంక్తి వ్రాసినాడు: "2,68,000 - బెల్టు మార్చినాము."